వినని ఫిర్యాదు ఛార్జ్ మెమోగా తిరిగి వస్తుంది

తిరుపతికీ రేణిగుంటకూ మధ్య ఉన్న ఒక కర్మాగారంలో నేను చాలా ఏళ్లు మెషిన్ షాపులో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం యూనియన్ కార్యవర్గంలో ఉన్నాను. ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా గాజులమండ్యం పారిశ్రామికవాడ నుంచి, శ్రీసిటీ నుంచి, రేణిగుంట చుట్టుపక్కల వెలసిన ఎలక్ట్రానిక్స్ కంపెనీల నుంచి కుర్రవాళ్లు, ఆడపిల్లలు ఛార్జ్ మెమో, అంటే అభియోగాలు రాసి సంజాయిషీ అడిగే కాగితం, పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉన్నారు. వాళ్లను నేను ముందుగా ఒక మాట అడుగుతాను: ఈ మెమో రాకముందు మీరు దేని గురించి అడిగారు, ఎవరిని అడిగారు, వాళ్లు ఏమని జవాబిచ్చారు? కాసేపు ఆలోచించి ఏదో ఒకటి చెప్పని మనిషి నాకు చాలా అరుదుగా కనిపించాడు. క్రమశిక్షణ చర్యల్లో అధికభాగం, ఎవరూ పట్టించుకోని పాత ఫిర్యాదు ముదిరి మరో రూపంలో బయటపడినవే అన్నది నాలో స్థిరపడిన అభిప్రాయం. ఫిర్యాదు ఒక ఫైలులో, క్రమశిక్షణ మరో ఫైలులో ఉండటం వల్ల ఆ రెండింటి బంధుత్వం యాజమాన్యానికీ కనిపించదు, చాలాచోట్ల యూనియన్‌కూ కనిపించదు.

ఏర్పేడు వైపు పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి కేసు చెబుతాను. ఆమె ప్యాకింగ్ విభాగంలో పనిచేసేది. రెండో షిఫ్టు రాత్రి పది గంటలకు ముగిసేది. కంపెనీ బస్సు ఆ దారిలో తిరిగినన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఎక్కేవాళ్లు తక్కువగా ఉన్నారని ఆ బస్సును ఆపేసిన తరువాత, ఆమె ఊరి మలుపు దగ్గర ఆగే చివరి పల్లెవెలుగు బస్సు అందుకోవాలంటే షిఫ్టు ముగియకముందే గేటు దాటవలసి వచ్చింది. సూపర్‌వైజర్‌తో చెప్పింది, ఆయన చూద్దామన్నాడు. మొదటి షిఫ్టుకు మార్చమని మరోసారి అడిగింది, మనుషులు తక్కువగా ఉన్నారన్నాడు. కొన్నాళ్లు ఆయనే గేట్‌పాస్ రాసి పంపించాడు. పై నుంచి ఉత్పత్తి లెక్కలు అడగడం మొదలైన వారం గేట్‌పాస్ ఆగిపోయింది, ఆమె వెళ్లడం మాత్రం ఆగలేదు. అనుమతి లేకుండా పనిస్థలం విడిచి వెళ్లడం, పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించడం అనే రెండు అభియోగాలతో మెమో వచ్చింది.

ఆమె నా దగ్గరికి వచ్చేసరికే సంజాయిషీ రాసి పెట్టుకుంది. అందులో ఉన్నది మూడే వాక్యాలు: తప్పు జరిగింది, ఇకమీదట ఇలా చేయను, క్షమించండి. ఆ కాగితం అలాగే లోపలికి వెళ్లి ఉంటే విచారణతో పనే ఉండేది కాదు, రెండు అభియోగాలనూ ఆమె ఒప్పుకున్నట్టే రికార్డులో నిలిచిపోయేది. మన వైపు పిల్లలకు పెద్దల ముందు తలవంచి క్షమించమంటే కోపం చల్లారుతుందని ఇంట్లో నేర్పుతాము. ఇంటి మర్యాదగా అది మంచిదే, కానీ ఛార్జ్ మెమోకు ఇచ్చే జవాబులో క్షమాపణను నేరాంగీకారంగానే చదువుతారు. జరిగినదాన్ని తేదీలతో రాయాలి, చేయనిదాన్ని చేయలేదని స్పష్టంగా రాయాలి, దానికి దారితీసిన పరిస్థితిని రాయాలి, అవసరమైన రికార్డులు చూపమని అడగాలి. గడువు చాలకపోతే గడువు పొడిగించమని కూడా కాగితం మీదే అడగాలి.

“అన్నా, నోటితో ఎన్నిసార్లు చెప్పినానో లెక్క లేదు, ఆయనకంతా తెలుసు” అని ఆమె అన్నది. తెలుసన్నది నిజమే, కానీ ఆ తెలిసిన మనిషే రేపు యాజమాన్యం సాక్షిగా కుర్చీలో కూర్చుంటాడు. 1958లో నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభ రూపొందించిన నమూనా ఫిర్యాదుల విధానంలో కూడా మొదటి మెట్టు నోటిమాటే: ఫిర్యాదును సంబంధిత అధికారికి స్వయంగా చెప్పాలి, ఆయన 48 గంటల్లో జవాబివ్వాలి, అక్కడ తృప్తి కలగకపోతే విభాగాధిపతి మూడు రోజుల్లో, ఆ పైన ఫిర్యాదుల కమిటీ ఏడు రోజుల్లో తేల్చాలి. ఆ విధానాన్ని రాసినవాళ్లు గడువులను గంటల్లో, రోజుల్లో పెట్టడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆలస్యమయ్యే కొద్దీ ఫిర్యాదు ఎలా ముదురుతుందో వాళ్లకు తెలుసు. మన కర్మాగారాల్లో మాత్రం మొదటి మెట్టు మీదే అంతా ఆగిపోతుంది, చెప్పినట్టు ఆనవాలు కూడా మిగలదు. అందుకే మా యూనియన్‌లో ఒక నోటుపుస్తకం పెట్టాము. ఎవరు ఏ రోజు ఏ అధికారికి ఏమి చెప్పారో, ఆయన ఏమన్నాడో అదే రోజు అందులో రాసి, చెప్పిన మనిషితో సంతకం చేయించేవాళ్లం. రెండోసారి చెప్పవలసి వస్తే అది తప్పకుండా రెండు ప్రతుల కాగితంగా వెళ్లేది, ఒక ప్రతి మీద అందినట్టు సంతకమో ముద్రో తీసుకునేవాళ్లం.

ఆమె విచారణకు సహాయకుడిగా కూర్చున్నాను. కార్మికుడు తన తోటి కార్మికుణ్ణి సహాయకుడిగా పెట్టుకోవచ్చని పని నియమాలూ క్రమశిక్షణ పద్ధతీ రాసి ఉండే నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో ఉంది, అది వాడుకోని వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. కంపెనీ తనలో తాను జరిపే ఈ విచారణ, అంటే డొమెస్టిక్ ఎంక్వైరీ, ఎలా జరుగుతుందో చూడనివాళ్లకు అదొక మామూలు సమావేశంలా తోస్తుంది. ఒక బల్ల, అవతల విచారణాధికారి, పక్కన యాజమాన్యం తరఫున కేసు నడిపే అధికారి, ఇవతల కార్మికుడు, సహాయకుడు, మూలన కూర్చుని అంతా రాసే ఒక గుమాస్తా. అసలు బలమంతా ఆ గుమాస్తా రాసే కాగితంలోనే ఉంటుంది. సాక్షి చెప్పిన మాట ఒకటై, రాతలోకి వచ్చిన మాట మరొకటైతే ఆ క్షణంలోనే ఆపి సరిచేయించాలి, సరిచేయనంటే తన అభ్యంతరాన్ని నమోదు చేయమని అడగాలి. ప్రతి పేజీ చివర కార్మికుడి చేత సంతకం చేయిస్తారు, కాబట్టి చదవకుండా, చదివించుకోకుండా ఆ సంతకం పెట్టకూడదు. రాత కింద ఖాళీ మిగిలితే అడ్డంగా గీత కొట్టించి ఆ తరువాతే సంతకం చేయాలి. కార్యక్రమం ఇంగ్లీషులో సాగితే తెలుగులో చెప్పమని అడగాలి, అలా అడిగినట్టు రాయించాలి.

సూపర్‌వైజర్ తన వాంగ్మూలంలో, ఆమెను తానెన్నడూ ముందుగా పంపలేదని చెప్పాడు. మేము ముందే అడిగి తెప్పించుకున్న గేట్‌పాసుల కట్టను ఆయన ముందు పెట్టి, పై కాగితం మీది సంతకం మీదేనా అని అడిగాను. నాదే అన్నాడు. రెండోదాని మీద, మూడోదాని మీద కూడా ఆయన సంతకమే ఉంది. పంపేటప్పుడు కారణం అడిగారా అన్నాను. బస్సుకని చెప్పింది సార్, అన్నాడు. బస్సు సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు అంటే, కంపెనీ బస్సు ఆపినప్పటి నుంచి తెలుసన్నాడు. ఆ జవాబులన్నీ ఆయన నోటి నుంచి వచ్చినవి వచ్చినట్టే రాయించాము. ఆదేశ ధిక్కారం అన్న అభియోగం రుజువు కాలేదని నివేదిక వచ్చింది. అనుమతి లేకుండా వెళ్లిన కొద్ది రోజులకు, ముందుగా అనుకున్న ఇంక్రిమెంట్ కోతకు బదులు హెచ్చరికతో సరిపెట్టారు. ఆమెను మొదటి షిఫ్టుకు మార్చారు. ఆ షిఫ్టు మార్పు ఆమె అడిగిన మొదటి రోజే ఇచ్చి ఉంటే కంపెనీకి పైసా ఖర్చు అయ్యేది కాదు. విచారణకు అయిన ఖర్చు, పోయిన పనిగంటలు, ఆ ఇంట్లో నెలల తరబడి నిద్రపట్టని రాత్రులు అన్నీ తప్పేవి.

విచారణ నివేదిక గురించి మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన తీర్పు ఒకటి ఉంది. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థకూ బి. కరుణాకర్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో తీర్పు ఇస్తూ, విచారణ చేసినవారు వేరు, శిక్ష నిర్ణయించేవారు వేరు అయినప్పుడు, శిక్ష నిర్ణయించకముందే విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి, దానిపై అతని మాట వినాలని చెప్పింది. ఇవాళ దేశంలో ఎక్కడ ఏ కార్మికుడికి నివేదిక ప్రతి అందినా దాని వెనుక ఆ తీర్పు ఉంది. అయినా ప్రతి ఇవ్వకుండానే నేరుగా డిస్మిస్ ఆర్డరు చేతికిచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి.

సస్పెన్షన్ మరీ కఠినమైన విషయం. విచారణ ముగిసేవరకు పని ఉండదు, జీతం ఉండదు, వేరేచోట పనిచేస్తే అదే మరో అభియోగమవుతుంది. అందుకే జీవనాధార భత్యం వచ్చింది: మొదటి 90 రోజులు వేతనంలో 50 శాతం, విచారణ ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే ఆ తరువాత 75 శాతం. కుప్పం దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే దగ్గరలోనే ఉన్న కోలారు బంగారు గనుల నుంచి ఈ విషయంలో ఒక పెద్ద తీర్పు వచ్చింది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని చిగురుగుంట గనులను కూడా నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థలో కెప్టెన్ ఎం. పాల్ ఆంథోనీ భద్రతాధికారిగా ఉండేవారు. ఆయన ఇంట్లో సోదా జరిగింది, క్రిమినల్ కేసూ శాఖాపరమైన విచారణా ఒకే సంఘటన మీద నడిచాయి. సస్పెన్షన్ కాలంలో భత్యం ఇవ్వలేదు. చేతిలో డబ్బు లేక ఆయన సొంత రాష్ట్రమైన కేరళ నుంచి విచారణకు రాలేకపోయారు. ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. క్రిమినల్ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. 1999లో సుప్రీంకోర్టు, భత్యం ఇవ్వకుండా కార్మికుణ్ణి విచారణకు రాలేని స్థితిలోకి నెట్టి, రాలేదని ఏకపక్షంగా తేల్చడం చెల్లదని చెప్పి, ఆయనను తిరిగి ఉద్యోగంలోకి తీసుకుని జీతం బకాయిలన్నీ ఇవ్వమని ఆదేశించింది. కడుపు నిండని మనిషి తన తరఫున వాదించుకోలేడన్న సంగతిని కోర్టు గుర్తించడం నాకు న్యాయశాస్త్రం కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

మన ప్రాంతంలో ఎక్కువగా వచ్చే కేసులు గైర్హాజరువి. మే నెలలో తిరుపతి గంగ జాతర, ఆ వెంటనే మామిడి కోతలు, తొలకరి పడితే వేరుశనగ విత్తనం. కర్మాగారంలో పనిచేసేవాళ్లలో సగం మందికి పల్లెలో ఎకరమో రెండెకరాలో ఉంటుంది, ఇంట్లో ముసలి తల్లిదండ్రులుంటారు. సెలవు అడిగితే ఇవ్వరు, ఇవ్వకపోయినా వీళ్లు వెళ్తారు, తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి నీ పేరు కొట్టేశారంటాడు. గైర్హాజరు తప్పు కాదని నేను అనను, పక్క మనిషి రెండు మిషన్లు చూసుకోవలసి వచ్చినప్పుడు ఆ భారం పడేది తోటి కార్మికుడి మీదే. కానీ పేరు దానంతట అది పోదు. డి.కె. యాదవ్ అనే కార్మికుడి కేసులో, ఎనిమిది రోజులకు మించి సెలవు లేకుండా రాకపోతే ఉద్యోగం దానంతటదే రద్దవుతుందన్న స్టాండింగ్ ఆర్డరును పట్టుకుని యాజమాన్యం ఆయనను తీసేస్తే, విచారణ లేకుండా, ఆయన మాట వినకుండా అలా చేయడం సహజ న్యాయానికి విరుద్ధమని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది, సగం బకాయి వేతనంతో తిరిగి ఉద్యోగం ఇప్పించింది. గేటు దగ్గర ఆపినప్పుడు చేయవలసిన పని వాదన కాదు, గొడవ అంతకంటే కాదు. పనికి వచ్చాను, రానివ్వలేదు అని ఆ రోజే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, ఆ రసీదు దాచుకోవాలి. అక్కడ కేకలు వేసినవాడికి గైర్హాజరుతో పాటు దురుసు ప్రవర్తన అన్న రెండో అభియోగం కూడా చేరుతుంది.

యూనియన్ గురించి కూడా సూటిగా మాట్లాడవలసిన మాట ఉంది. సభ్యుడు ఏం చేసినా వెనకేసుకురావడమే యూనియన్ ధర్మమని నమ్మేవాళ్లు మనలో ఉన్నారు. తప్పు చేసిన మనిషికి కూడా సరైన విచారణ జరిగేలా, శిక్ష తప్పుకు మించకుండా చూడటం యూనియన్ బాధ్యత. ఆ తప్పును తప్పు కాదనడం బాధ్యత కాదు. ముఖ్యంగా ఆడవాళ్ల పట్ల అసభ్యంగా ప్రవర్తించిన కేసుల్లో ఫిర్యాదు చేసిన అమ్మాయి కూడా మన సభ్యురాలే, లేదా సభ్యురాలు కావలసిన మనిషే అన్నది మరచిపోతున్నారు. పది మంది అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలని, పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ ముందుకు వెళ్లే అమ్మాయికి తోడుగా వెళ్లని యూనియన్, రేపు ఆడవాళ్లు తమ వెంట నిలబడలేదని బాధపడితే అందులో న్యాయం లేదు. ఈ విషయంలో చాలామంది పాత మిత్రులతో నాకు గట్టి విభేదాలు వచ్చాయి, ఇప్పటికీ ఉన్నాయి.

చిన్న ఫిర్యాదు చిన్నదని తీసిపారేసేవాళ్లకు నేను మద్రాసు కథ గుర్తుచేస్తుంటాను. అప్పట్లో మన చిత్తూరు కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది. పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులకు మధ్యాహ్న భోజనానికి ఇచ్చే సమయం చాలేది కాదు, కార్మిక నాయకుడు బి.పి. వాడియా దృష్టికి వచ్చిన తొలి ఫిర్యాదుల్లో అదొకటి. 1918 ఏప్రిల్‌లో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. తరువాత మిల్లు యాజమాన్యం నాయకుల మీద మద్రాసు హైకోర్టులో దావా వేసి, వాళ్లను అడ్డుకునే కోర్టు ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్, తెచ్చుకుంది. సంఘం పెట్టుకోవడానికే చట్టరక్షణ లేదని దానితో దేశమంతటికీ తెలిసింది, ఆ పోరాటాల ఫలంగా 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అన్నం తినే సమయం నుంచి చట్టం దాకా ఎనిమిదేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ 1926 చట్టమూ, 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టమూ, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమూ కలిసి పారిశ్రామిక సంబంధాల కోడ్ అయ్యాయి, 2025 నవంబర్ 21 నుంచి అది అమలులోకి వచ్చింది. అందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, ఎంతమంది పనిచేస్తే స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి అన్న హద్దు. పాత చట్టంలో 100 మంది అన్నచోట ఇప్పుడు 300 మంది అయింది. చిత్తూరు, దామలచెరువు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు గానీ, రేణిగుంట చుట్టూ ఉన్న చిన్న యూనిట్లు గానీ ఎన్ని 300 మంది లెక్కను దాటుతాయి? ఏది దుష్ప్రవర్తన, దానికి ఏ శిక్ష, ఏ పద్ధతిలో అన్నది రాసి ఉన్న కాగితమే లేని చోట క్రమశిక్షణ యజమాని ఇష్టాన్ని బట్టి నడుస్తుంది. సగం మంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అది సమ్మె లెక్కలోకి వస్తుంది, సమ్మెకు ముందస్తు నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి అయింది. ఇవి కార్మికుల చేతులు కట్టే మార్పులేనని నా నమ్మకం.

అయితే అదే కోడ్‌లో మనవాళ్లు ఇంకా వాడుకోని తలుపు ఒకటి తెరిచే ఉంది. 20 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వాళ్లు, కార్మికుల వాళ్లు సమాన సంఖ్యలో ఉండాలి, మొత్తం పది మందికి మించకూడదు, ఆడవాళ్లు పనిచేసే నిష్పత్తికి తగ్గకుండా వారికి స్థానం ఉండాలి, అధ్యక్ష స్థానం ఏటేటా ఇరువైపులకూ మారాలి. ఫిర్యాదు పుట్టిన ఏడాదిలోపు దరఖాస్తు చేయవచ్చు, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. కార్మికుల వైపు సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకోకపోతే అది నిర్ణయమే కాదు. తృప్తి కలగకపోతే 60 రోజుల్లో యూనియన్ ద్వారా కన్సిలియేషన్ అధికారి, అంటే ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, దగ్గరికి వెళ్లవచ్చు. వి.వి. గిరి గారు కార్మిక మంత్రిగా ఉన్న రోజుల్లో, కోర్టులూ ట్రిబ్యునళ్లూ కాక ఇరుపక్షాలు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని గట్టిగా వాదించారు. లేబర్ కోర్టు వాయిదా కోసం రాత్రి బస్సెక్కి తిరుపతి నుంచి అనంతపురం వెళ్లి, వాయిదా పడిందని విని, తిరిగి వచ్చిన మనుషులను చూసిన నాకు ఆ మాటలో ఉన్న సత్యం అర్థమవుతుంది.

ఏర్పేడు అమ్మాయికి అలాంటి కమిటీ ఉండి, ఆమె బస్సు సంగతి ముప్పై రోజుల్లో తేలి ఉంటే నేను ఆ విచారణ గదిలోకి వెళ్లవలసిన పనే పడేది కాదు. మీరు పనిచేసే చోట ఇరవై మంది ఉంటే ఈ కమిటీ ఉందో లేదో ముందుగా కనుక్కోండి. లేకపోతే ఏర్పాటు చేయమని నలుగురైదుగురు కలిసి సంతకాలు చేసిన ఉత్తరం యాజమాన్యానికి ఇచ్చి, ఒక ప్రతిని కార్మిక శాఖ కార్యాలయానికి పంపండి. ఉంటే అందులోని కార్మిక సభ్యులెవరో, వాళ్లను ఎవరు ఎంపిక చేశారో అడగండి, ఎందుకంటే హెచ్.ఆర్. విభాగం తనకు నచ్చినవాళ్ల పేర్లు రాసి గోడకు అంటించిన కమిటీలను కూడా నేను చూశాను. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు తమ జీతం చీటీలు, ఐడీ కార్డు, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. నంబర్లు ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో మరొకరికి పంపి పెట్టుకోండి. ఫిర్యాదు మాట ఎత్తగానే ఈ మనిషి మా దగ్గర పనిచేయడమే లేదని చెప్పేవాళ్లు ఇద్దరుంటారు, ఒకరు కాంట్రాక్టరు, మరొకరు కంపెనీ. ఛార్జ్ మెమో ఇప్పటికే చేతికి వచ్చి ఉంటే దాని మీద అందిన తేదీ వేసి, జవాబు రాయకముందు ఒకసారి మీ యూనియన్ వాళ్లకు చూపించండి.